చెయ్యి పెట్టి చూశాను

నన్ను బస్టాండులో అందరూ మైకమ్మ అంటారు. అసలు పేరు మీ ముందున్న ఫిర్యాదులో ఉంది, అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోండి. వయసు నలభై తొమ్మిది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో, ఏది రద్దయిందో మైకులో చెప్పడం నా ఉద్యోగం. నాకు పుట్టుకతోనే చూపు లేదు. అన్నయ్య, వదినలతో కలిసి ఉంటాను. పెళ్ళి కాలేదు. దానికీ ఈ కేసుకూ సంబంధం ఏమిటో నాకు తెలియదు. మీరు అడిగారు, నేను చెప్పాను.

ఈ వాంగ్మూలం ఇవ్వమని నన్నెవరూ బలవంతం చేయలేదు. ఇవ్వకుండా ఇంటికి వెళ్ళిపొమ్మనే అందరూ బలవంతం చేస్తున్నారు.

నా మీద ఉన్న ఫిర్యాదు ఇది. సినిమా హాల్లో ఒక పెద్దమనిషిని ఏ కారణమూ లేకుండా కర్రతో కొట్టానని, కేకలు పెట్టి ఆట ఆపించానని. కొట్టాను. కేకలు పెట్టాను. ఆట ఆగింది. ఇవన్నీ ఒప్పుకుంటున్నాను, రాసుకోండి. "ఏ కారణమూ లేకుండా" అన్నది మాత్రం అబద్ధం. ఆ కారణానికి ఇప్పుడు కుడిచేతి వేళ్ళకు కట్టు ఉంది. ఆమె ఆ పెద్దమనిషి భార్య.

మొదలుపెట్టే ముందు నేనొక షరతు పెట్టాను, దాన్ని కూడా రాయమన్నాను. స్టేషను వరండాలో బెంచీ మీద ఆ భర్త పక్కన కూర్చోబెట్టిన అమ్మాయిని ఈ గదిలోకి తీసుకొస్తేనే నోరు విప్పుతానన్నాను. ఆఫీసరు గారు విసుక్కున్నారు గానీ చివరికి తీసుకొచ్చారు. ఇప్పుడు ఆ అమ్మాయి నా వెనక, తలుపు పక్కన కుర్చీలో ఉంది. వచ్చినప్పటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడమని నేనూ అడగను. వింటే చాలు.

ఈ రోజు ఆదివారం, నాకు సెలవు. మధ్యాహ్నం ఆటకు నేనూ వదినా సినిమా చూడటానికి వెళ్ళాం. నేను "చూడటానికి" అంటే ఆఫీసరు గారు "వినడానికి" అని రాశారు. పక్కనున్న వదిన ఆ ముక్క చదివి నా చెవిలో చెప్పింది. కొట్టేయమన్నాను.

"అమ్మా, రికార్డు కరెక్టుగా ఉండాలి కదా. మీకు కనపడదు. చూశాను అని రాస్తే రేపు కోర్టులో నవ్వుతారు" అన్నారు ఆయన.

"మీ ఇంట్లో కూర దింపే ముందు ఉప్పు చూస్తారా లేదా? పాలు విరిగాయేమో వాసన చూస్తారా? పిల్లాడికి ఒళ్ళు వెచ్చగా ఉంటే నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తారా? డాక్టరు నాడి చూస్తాడా? వీటిలో దేనికి కళ్ళు కావాలో చెప్పండి, అప్పుడు మీ ఇష్టమొచ్చింది రాసుకోండి" అన్నాను. మా వదిన నా కోసం ఏళ్ళ తరబడి సంబంధాలు చూసింది, కళ్ళున్న మనిషే, ఒక్కటీ సరిగ్గా కనపడలేదు. ఈ మాట కూడా అన్నాను. ఇది రాయక్కర్లేదని వదిన అంటోంది. రాయండి.

ఆఫీసరు గారు "చూడటానికి" అని దిద్దారు.

మేం సినిమా చూసే పద్ధతి ఇలా ఉంటుంది. తెర మీద జరిగేది వదిన నా చెవిలో చెబుతూ ఉంటుంది. ఎన్నో ఏళ్ళ అలవాటు. పక్కవాళ్ళు తిడుతూ ఉంటారు, మేం పట్టించుకోం. ఇందులో ఉన్న చిక్కల్లా ఒకటే. వదినకు భయమేస్తే కళ్ళు మూసుకుంటుంది. అప్పుడు ఇద్దరికీ ఏమీ కనపడదు. "వదినా, ఏమైంది?" అని అడిగితే, "ఏమో, నేను మూసేశాను, నువ్వే చెప్పు" అంటుంది.

అంత భయస్తురాలిని తీసుకుని అలాంటి సినిమాకు ఎందుకు వెళ్ళారని ఆఫీసరు గారు అడిగారు. మా పక్కింటావిడ రెండు రోజుల కింద చూసొచ్చి, "అందులో కళ్ళతో చూసింది ఏదీ నమ్మకూడదట, నాకు ఇంటికొచ్చాక మా హాలు కూడా కొత్తగా కనిపించింది" అంది. కళ్ళున్నవాళ్ళకు కళ్ళ మీద నమ్మకం పోతుంటే వాళ్ళ మధ్య కాలు మీద కాలేసుకుని కూర్చోవాలని నాకు సరదా పుట్టింది. సరదా నేరం కాదు కదా.

కథ ఏమిటంటే, ఒకావిడ కొత్త ఇంట్లో దిగుతుంది. గోడలో నుంచి ఎవరో ఊపిరి తీస్తున్నట్టు వినిపిస్తుంది. మొగుడికి చెబుతుంది. "ఇక్కడెవరూ లేరు, నీకలా అనిపిస్తోంది" అంటాడు. ఎన్నిసార్లు చెప్పినా మెత్తగా అదే మాట. మెల్లమెల్లగా ఆవిడకు తన మీద తనకే అనుమానం వస్తుంది. ఒకే గదిని మళ్ళీ మళ్ళీ చూపిస్తారు, ప్రతిసారీ ఏదో ఒకటి మారిపోయి ఉంటుంది. పాపం వదిన అవస్థ చెప్పలేం. "గోడ మీద అద్దం ఉంది" అనేది. కాసేపాగి, "అయ్యో, అద్దం లేదే. ఇందాక ఉందన్నానా?" అనేది. "ఉందన్నావు" అంటే, "నిజంగా అన్నానా?" అని నన్నే అడిగేది. హాలంతా అలాగే గుసగుసలు. కిటికీ ఇటుందా అటుందా అని మా వెనక ఇద్దరు దాదాపు తగువుకే దిగారు.

నేనూ ఒకసారి మోసపోయాను. దాచను. నా వెనక నుంచి ఎవరో పొడిదగ్గు దగ్గారు. మళ్ళీ దగ్గారు. నేను వెనక్కి తిరిగి, "కాస్త మాత్ర వేసుకోకూడదూ" అన్నాను. అది సినిమాలో దగ్గు. వెనక గోడకున్న స్పీకర్లో నుంచి వచ్చింది. వదిన నవ్వలేక చచ్చింది. ఇప్పుడు ఆ పెద్దమనిషి ఈ దగ్గు సంగతి పట్టుకుని, "ఆంటీ ఒకసారి పొరబడ్డారు కదా, రెండోసారీ పొరబడ్డారు, సినిమా ప్రభావం" అంటున్నాడు. ఆ దగ్గు సంగతి ఇక్కడ అందరికీ చెప్పింది నేను. నా పొరపాటు నేనే చెప్పుకుంటే, దాన్నే నా నోటికి తాళంగా వేస్తామంటే కుదరదు.

ఇక ఆ దంపతుల విషయం. మేం ముందు నుంచి ఏడో వరుసలో కూర్చున్నాం, నేను దారి పక్కన, నా కుడివైపు వదిన. ఆ అమ్మాయి సరిగ్గా నా ముందు కుర్చీలో, ఆమెకు కుడివైపు భర్త. ఆట మొదలయ్యే ముందే అతను, "ఫోనిలా ఇవ్వు" అన్నాడు. "అమ్మకు మెసేజ్ పెడుతున్నానండీ" అంది. "తర్వాత పెడుదువుగాని" అన్నాడు. అరవలేదు. చాలా మర్యాదగా అన్నాడు. ఫోను అతని జేబులోకి వెళ్ళింది. భార్యాభర్తలు, నాకెందుకులే అనుకున్నాను.

ఇంటర్వెల్లో అతను కాఫీకి బయటికి వెళ్ళాడు. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి, "మీరు బస్టాండులో అనౌన్స్ చేస్తారు కదండీ? ఇందాక దగ్గు గురించి అన్నప్పుడు గొంతు గుర్తుపట్టాను" అంది. నాకు సంతోషమేసింది. మొహం గుర్తుపట్టేవాళ్ళు అందరికీ ఉంటారు, నాకు గొంతు గుర్తుపట్టేవాళ్ళు ఉన్నారు. తర్వాత ఒక ఊరి పేరు చెప్పి, "ఆదివారం సాయంత్రం అక్కడికి బస్సు ఉందాండీ?" అని మెల్లగా అడిగింది. ఊరి పేరు నేనిక్కడ రాయించను, బయట కూర్చున్నాయన ఈ కాగితం ఎలాగూ చదువుతాడు.

నేను చెప్పాను. ఆరింటికి ఒకటి, ఎనిమిదింటికి ఆఖరిది, రెండూ నాలుగో ప్లాట్‌ఫారం. నా ఖర్మ, నాకు మెల్లగా మాట్లాడటం రాదు. రోజంతా బస్టాండు రొద మీద మాట్లాడే గొంతు ఇది. నేను చెప్పడం పూర్తయ్యేసరికి అతను తిరిగొచ్చి పక్కనే నిలబడి ఉన్నాడు. "ఏ బస్సు?" అని అడిగాడు. "ఏం లేదండీ, ఊరికే" అంది ఆ అమ్మాయి. అతను కూర్చున్నాడు. కాఫీ కప్పు ఆమె చేతికిచ్చి, "వేడిగా ఉంది, జాగ్రత్త" అన్నాడు. అంత మంచి గొంతు.

ఇంటర్వెల్ తర్వాత కథ ఇంకా బిగిసింది. మొగుడు ఇంట్లో లేనప్పుడు అద్దం దానంతటదే తిరుగుతోందని చెబుతూ చెబుతూ వదిన ఆగిపోయింది. కళ్ళు మూసేసుకుందని అర్థమైంది. తెర మీద అంతా నిశ్శబ్దం, ఆ గోడలో ఊపిరి ఒక్కటే. హాల్లో ఎవరూ కదలడం లేదు.

అప్పుడు నా మోకాళ్ళకు ముందు కుర్చీ వణుకు తగిలింది. నాకు కాళ్ళు పొడుగు, ఏ హాల్లో కూర్చున్నా ముందు కుర్చీకి ఆనుకుంటాయి. ఆ వణుకు మొదట భయంతో అనుకున్నాను. "బస్సు ఎక్కుతావా?" అని అతని గొంతు వినిపించింది, నోరు దాదాపు మూసుకుని మాట్లాడుతున్నట్టు. "వదలండి, ప్లీజ్, వదలండి" అని ఆ అమ్మాయి. మళ్ళీ "చెప్పు, ఎక్కుతావా?" కుర్చీ ఒక్కసారి ఎగిరింది. తెర మీద ఆవిడ అదే సమయంలో కేక పెట్టింది, హాలంతా కేక పెట్టింది, ముందు కుర్చీలోని అమ్మాయీ కేక పెట్టింది. అన్ని కేకల్లో ఆమె కేక కలిసిపోయింది.

అది కూడా సినిమాలో సౌండే అయి ఉండొచ్చు కదా అని ఆఫీసరు గారు అడిగారు. అదే అనుమానం నాకూ వచ్చింది. ఇందాక దగ్గు దగ్గర పరువు పోయింది, మళ్ళీ పోగొట్టుకోకూడదనుకున్నాను. అందుకే నోరెత్తకుండా ముందుకు వంగి, రెండు కుర్చీల మధ్య నుంచి చెయ్యి పెట్టి చూశాను. ముందు ఒక లావుపాటి మణికట్టు తగిలింది, ఇనప గొలుసు ఉన్న గడియారంతో. దాని కింద చిన్న చెయ్యి, మంచులా చల్లగా. ఆ చేతి వేళ్ళు రెండు అతని గుప్పిట్లో ఉన్నాయి. వేళ్ళు వంగవలసిన వైపు కాకుండా అవతలి వైపు వంగి ఉన్నాయి.

ఇక్కడ ఆఫీసరు గారు "విరుస్తున్నట్టు అనిపించింది" అని రాశారు. వదిన చదివింది. నాకు ఒళ్ళు మండింది. ఆ సినిమాలో మొగుడు మొదటి నుంచీ అనేది ఆ మాటే, బయట బెంచీ మీద కూర్చున్నాయన అనేదీ ఆ మాటే, మీరు కూడా అదే రాస్తే ఎలా? నాకేమీ అనిపించలేదు. చెయ్యి పెట్టి చూశాను. అలాగే రాయండి. దిద్దారు.

"వదులు" అన్నాను. "ఎవరండీ, చెయ్యి తియ్యండి" అన్నాడు. అప్పుడు కూడా అండీ అన్నాడు. కానీ వేళ్ళు వదల్లేదు, ఇంకాస్త వంచాడు. నా ఒళ్ళో మడత కర్ర ఉంది. మడిచి ఉన్నదాన్ని మడిచినట్టే పట్టుకుని ఆ గడియారం పైభాగాన కొట్టాను. వదల్లేదు. మళ్ళీ కొట్టాను. అప్పుడు వదిలాడు. చీకట్లో ఎవరిని కొడుతున్నారో ఎలా తెలుసని అడిగారు. చీకటి మీకు. నా ఎడమచెయ్యి అప్పటికీ అతని మణికట్టు మీదే ఉంది, దాని పక్కనే కొట్టాను. ఒక దెబ్బ నా వేలికీ తగిలింది. వాచింది, కావాలంటే చూసుకోండి, కళ్ళతోనే.

అతను అరిచాడు. హాల్లో ఒక్కరూ పట్టించుకోలేదు. "లైట్లు వెయ్యండి" అని నేను కేక పెట్టాను. వెనక నుంచి ఎవరో, "అబ్బ, సౌండ్ ఏం పెట్టాడ్రా, పక్కనే ఉన్నట్టుంది" అన్నాడు. మళ్ళీ కేక పెట్టాను. ఎవరో చప్పట్లు కొట్టారు. మనిషి నిజంగా అరుస్తుంటే చప్పట్లు కొట్టే చోటు అది. ఏం చేస్తే ఇది సినిమా కాదని తెలుస్తుందో నాకు తోచలేదు. ఇంతలో నాకు వచ్చిన ఒకే ఒక్క విద్య గుర్తొచ్చింది. లేచి నిలబడి, గొంతు సవరించుకుని, రోజూ చెప్పినట్టే చెప్పాను.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ఆరో వరుసలో, మధ్య దారి పక్కన, ఒక అమ్మాయి వేళ్ళు విరుస్తున్నారు. దయచేసి వెంటనే లైట్లు వెయ్యవలసిందిగా కోరుతున్నాం. ప్రయాణికులకు మరొకసారి విజ్ఞప్తి."

భయపెట్టే సినిమాలో ఇలాంటి మాటలు ఉండవు కదా. అందరూ తిరిగారు, కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. లైట్లు వేశారు, తెర మీద ఊపిరి ఆగిపోయింది. ఒకాయన, "ఈవిడ బస్టాండు మైకమ్మ కదూ" అన్నాడు.

లైట్లు వేశాక కనిపించిందేమిటంటే, కర్ర పట్టుకుని నిలబడిన ఒక గుడ్డిది, చెయ్యి పట్టుకుని మూలుగుతున్న ఒక పెద్దమనిషి, ఒళ్ళో చెయ్యి దాచుకుని కూర్చున్న ఒక అమ్మాయి. హాలు నిండా జనం, అందరూ సాక్షులే, అందరూ చూసింది అదే. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ళ కళ్ళు అప్పటిదాకా తెర మీద ఉన్నాయి, చివరి ముక్క చూసి కథంతా చెబుతున్నారు. మా వదిన కూడా మీకు నిజమే చెప్పింది. "నేనేమీ చూడలేదండీ, కళ్ళు మూసుకున్నాను" అంది. ఆమె నాకోసం అబద్ధం ఆడి ఉంటే నేనే ఒప్పుకునేదాన్ని కాదు.

మేనేజరు వచ్చాడు. అతను నన్ను అడగకముందే ఆ పెద్దమనిషి, "వేలు కుర్చీలో పడింది, పాపం ఆంటీ ఏదో అనుకున్నారు" అన్నాడు. ఆ అమ్మాయిని అడిగితే, "వేలు కుర్చీలో పడింది, పాపం ఆంటీ ఏదో అనుకున్నారు" అంది. అక్షరం పొల్లుపోకుండా, అతను ఆగిన చోటే ఆగుతూ. ఎవరో రాసిచ్చింది చదివితే గొంతు ఎలా ఉంటుందో నాకు చెప్పక్కర్లేదు, నేను జీతం తీసుకునేది ఆ పనికే. మడత కుర్చీలో పడిన వేలు నలుగుతుంది. వెనక్కి వంగదు. కట్టు కట్టిన డాక్టర్ని అడగండి.

అక్కడి నుంచి ఆస్పత్రిలో ఆ అమ్మాయికి కట్టు కట్టించి అందరం ఈ పోలీసు స్టేషనుకు వచ్చాం. ఇక్కడ కూడా ఆయన మర్యాద తగ్గలేదు. "ఆవిడకు కనపడదు కదండీ, మేం మనసులో పెట్టుకోం. ఒక్క సారీ చెబితే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను, మా ఆవిణ్ణి తీసుకుని ఇంటికి వెళ్ళిపోతాం" అన్నాడు. ఆఫీసరు గారు కూడా, "ఒక్క మాటతో పోయేదాన్ని ఎందుకమ్మా లాగుతారు, మీది కాంట్రాక్టు ఉద్యోగం, కేసు పడితే ఇబ్బంది" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. వదిన నా చెయ్యి పట్టుకుని, "ఆ మాటేదో అనేసి రావే, నీకు పుణ్యముంటుంది" అని ఏడ్చింది.

నేను అననన్నాను. నేను సారీ అంటే నేను పొరబడ్డానని అర్థం. నేను పొరబడితే కుర్చీయే వేలు విరిచినట్టు. అప్పుడు ఆ అమ్మాయి రాత్రికి ఎవరితో ఇంటికి వెళుతుంది? ఇంట్లో ఆమె వెనక వరుసలో నేను కూర్చుని ఉండను. ఉద్యోగం పోతే పోనీ. మైకు వాళ్ళది, గొంతు నాది. నేను కొట్టింది తప్పయితే దానికి వెయ్యాల్సిన శిక్ష వెయ్యండి, సరే అంటాను. కొట్టినదానికి సారీ చెప్పమంటే కావాలంటే కోర్టులో ఆలోచిస్తాను. చూసినదానికి మాత్రం ఈ జన్మలో చెప్పను.

పై వాంగ్మూలం చదివి వినిపించిన తర్వాత నేను చేర్చమన్నది:

ఆఫీసరు గారు మొదటి నుంచి గట్టిగా చదివారు. తొందరపడుతుంటే నిదానంగా చదవమన్నాను. "వేలు కుర్చీలో పడింది" అన్న చోటికి వచ్చేసరికి ఆ అమ్మాయి, "కుర్చీ కాదండీ" అంది.

ఆఫీసరు గారు చదవడం ఆపి, "ఏమన్నారమ్మా?" అన్నారు.

"కుర్చీ కాదు. ఆ ముక్క కొట్టెయ్యండి" అంది.

అది నా వాంగ్మూలమని, అందులో ఆమె కొట్టేయించడానికి వీల్లేదని ఆయన చెప్పారు. "అయితే నాది వేరేగా రాసుకోండి" అంది. ఈసారి ఎవరి కాగితమూ చూసి చదవడం లేదు. మాట తడబడింది, మధ్యలో ఆగకూడని చోట ఆగింది, గొంతు జీరపోయింది. అంత చక్కటి గొంతు ఈ మధ్య నేను వినలేదు. ఆఫీసరు గారు సొరుగు లాగి కొత్త కాగితాలు తీశారు.

నాకు కనపడదు కాబట్టి, చదువుతుండగా పక్కనుండి విన్నవాళ్ళు కూడా కింద సంతకం పెట్టాలన్నారు. వదిన పెన్ను తీసుకుంది. "ఇప్పుడైనా కళ్ళు తెరిచే పెట్టు" అన్నాను. ఆ అమ్మాయి, "నేనూ మొత్తం విన్నాను, నేనూ పెడతాను" అంది. విన్నానని పెట్టడానికి అభ్యంతరం లేదని ఆఫీసరు గారు అన్నారు.

ఆరింటి బస్సు వెళ్ళిపోయింది. ఎనిమిదింటిది ఉంది. ఆ అమ్మాయి చెప్పడం పూర్తయ్యేదాకా నేనిక్కడే కూర్చుంటాను, తర్వాత నాలుగో ప్లాట్‌ఫారం దాకా నేనే తీసుకెళతాను. దారి నాకు తెలుసు. ఇది కేసుకు అనవసరం అన్నారు. అవసరమే, రాయమన్నాను. ఆ సినిమాలో గోడలో ఊపిరి ఎవరిదో మాత్రం నాకు ఇంకా తెలియదు. వచ్చే ఆదివారం మళ్ళీ వెళతాం, వదిన రానంటోంది, వస్తుంది.

పైన ఉన్నదంతా నేను చెప్పిందే, చెప్పినట్టే రాశారని విని ఒప్పుకుంటున్నాను. "వినడానికి" అన్నది కొట్టేసి "చూడటానికి" అని, "అనిపించింది" అన్నది కొట్టేసి "చూశాను" అని దిద్దించింది నేనే, బుద్ధి పూర్తిగా నా దగ్గరుండగానే దిద్దించాను. ఇందులో అబద్ధమని తేలితే దానికి నేనే జవాబుదారీ. వేలిముద్ర చాలన్నారు. నాకు సంతకం వచ్చు.

(సంతకం)
బస్టాండు అనౌన్సరు

చదువుతుండగా విన్నవారు:

(సంతకం) పై మనిషి వదిన

(ఎడమచేతి బొటనవేలి ముద్ర) ఆరో వరుసలో కూర్చున్న మనిషి. సంతకం వచ్చు. కుడిచేతికి కట్టు ఉన్నందువల్ల ముద్ర వేశారు.